ఒక గ్రాము బొగ్గు, ఒక ఓడ బొగ్గు
(దహనోష్ణాన్ని కొలిచే పద్ధతి)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు జ్ఞాపకాలు రాద్దామా, పాఠం రాద్దామా అని మేమిద్దరం ఆలోచించాం. జ్ఞాపకాలు అందరికీ ఉన్నాయి. పాఠం రాస్తే పరీక్షకైనా పనికొస్తుందనిపించింది. మేమిప్పుడు బొగ్గును పరీక్షించే ఒక ప్రయోగశాలలో పని చేస్తున్నాం. ఇంటర్ కెమిస్ట్రీలో ఉష్ణగతిక శాస్త్రం పాఠంలో బాంబ్ కెలోరీమీటరు బొమ్మ ఒకటి ఉంటుంది. పరీక్షలో రాదులే అని మనం దాటేసే బొమ్మ అది. ఆ బొమ్మే ఇప్పుడు మాకు అన్నం పెడుతోంది. అందుకే దాని గురించి మాకు తెలిసినంత మీకు చెప్పాలనుకున్నాం.

విశాఖలో ఉండేవాళ్ళకి బొగ్గు కొత్త కాదు. 1933లో మొదలైన మన ఓడరేవుకు ఆస్ట్రేలియా నుంచి ఉక్కు కర్మాగారం కోసం కోకింగ్ బొగ్గు వస్తుంది. ఒడిశాలోని తాల్చేరు గనుల నుంచి పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రానికి రైళ్ళలో బొగ్గు వస్తుంది. బొగ్గును టన్నుల్లో తూచి కొంటారని మనం అనుకుంటాం. తూచడం నిజమే. కాని విద్యుత్ కేంద్రానికి కావలసింది బరువు కాదు, వేడి. ఒక టన్ను బొగ్గులో ఎంత వేడి ఉందో తెలియకుండా దానికి ధర కట్టలేరు. ఆ వేడిని ఎలా కొలుస్తారన్నదే ఈ పాఠం.

1. దహనోష్ణం అంటే ఏమిటి?

ఒక పదార్థం ఆక్సిజన్‌లో పూర్తిగా కాలినప్పుడు వెలువడే వేడిని దహనోష్ణం అంటారు. రసాయన శాస్త్రంలో ఒక మోల్‌కు లెక్కిస్తాం. ఇంధనాల వ్యాపారంలో ఒక కిలోకు లెక్కించి దాన్ని కెలోరిఫిక్ విలువ అంటారు. ఒక గ్రాము నీటిని ఒక డిగ్రీ సెల్సియస్ వేడి చేయడానికి కావలసిన ఉష్ణం సుమారుగా ఒక కెలోరీ. ఒక కెలోరీ అంటే 4.184 జౌళ్ళు.

ఇందులో "పూర్తిగా" అన్న మాట చాలా ముఖ్యం. కర్బనం పూర్తిగా కాలి కార్బన్ డయాక్సైడ్ అయితే మోల్‌కు 393.5 కిలో జౌళ్ళ వేడి వస్తుంది. సగంలో ఆగి కార్బన్ మోనాక్సైడ్ అయితే 110.5 మాత్రమే వస్తుంది. మిగతా 283 కిలో జౌళ్ళు ఆ వాయువులోనే దాగి ఉంటాయి. అంటే నూటికి 72 వంతుల వేడి ఇంకా బయటికి రాలేదన్నమాట. 1840లో హెస్ చెప్పిన నియమం ఇదే. ఒక మెట్టులో కాల్చినా రెండు మెట్లలో కాల్చినా మొత్తం వేడి ఒక్కటే.

ఉక్కు కర్మాగారంలో ఈ నియమం డబ్బు రూపంలో కనిపిస్తుంది. అక్కడి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు బ్లాస్ట్ ఫర్నేసుల పై భాగం నుంచి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దాన్ని గాలిలోకి వదిలేయరు. శుభ్రం చేసి, ఫర్నేసులోకి పంపే గాలిని వేడి చేయడానికీ, సొంత విద్యుత్ కేంద్రంలోనూ మండిస్తారు. ఇది ప్రాణాలు తీసే విషవాయువు కూడా కాబట్టి గొట్టాల దగ్గర ఎప్పుడూ కాపలా ఉంటుంది.

2. ముందు మన చేతులతో: వేరుశనగ గింజ ప్రయోగం

పెద్ద పరికరం దగ్గరికి వెళ్ళేముందు చిన్నది చేసి చూద్దాం. సెలవుల్లో హాస్టల్‌కి వచ్చినప్పుడు పదో తరగతి తమ్ముళ్ళతో కలిసి వార్డెన్ గారి అనుమతితో దీన్ని చేశాం. పక్కనే ఇసుక బకెట్టు, నీళ్ళ బకెట్టు పెట్టుకున్నాం. మీరు చేసినా పెద్దవాళ్ళు ఉండగానే చేయండి.

కావలసినవి: ఖాళీ డబ్బా, థర్మామీటరు, పెద్ద సూది, గింజ గుచ్చడానికి బిరడా, వేరుశనగ గింజ, అర గ్రాము తేడాను కూడా సరిగ్గా చూపే త్రాసు.

డబ్బాలో 50 గ్రాముల నీళ్ళు పోసి ఉష్ణోగ్రత రాసుకున్నాం. గింజను తూచి సూదికి గుచ్చి వెలిగించి డబ్బా అడుగున ఉంచాం. ఆరిపోయాక మిగిలిన ముక్కను మళ్ళీ తూచాం. అర గ్రాము కాలింది. నీళ్ళు 22 డిగ్రీలు వేడెక్కాయి.

నీరు తీసుకున్న వేడి = 50 × 22 = 1,100 కెలోరీలు
ఒక గ్రాముకు = 1,100 ÷ 0.5 = 2,200 కెలోరీలు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల్లో 100 గ్రాముల వేరుశనగకు 567 కిలో కెలోరీలని ఉండేది. అంటే గ్రాముకు 5,670 కెలోరీలు. మాకు వచ్చింది అందులో సగం కూడా లేదు. ఒక తమ్ముడు వెంటనే "అన్నా, 5,600 అని రాసేద్దామా?" అన్నాడు. అందరం నవ్వాం. కాని ఆ మాట దగ్గరికి మళ్ళీ వస్తాం, గుర్తుంచుకోండి.

మిగతా వేడి ఎక్కడికి పోయింది? మంట పక్కలకు పోయింది. గాలి కొంత పట్టుకుపోయింది. డబ్బా రేకు కొంత తీసుకుంది. డబ్బా అడుగున మసి పట్టింది, అంటే కర్బనం కొంత కాలనేలేదు. రెండోసారి చుట్టూ రేకు అడ్డం పెట్టి చేస్తే అంతే గింజకు నీళ్ళు 29 డిగ్రీలు పెరిగాయి. గ్రాముకు 2,900 వచ్చింది. ఒక్క రేకు ముక్క 700 కెలోరీలను ఆపింది. పుస్తకంలోని అంకె రాసేసి ఉంటే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు.

3. బాంబ్ కెలోరీమీటరు

మనం డబ్బాతో పోగొట్టుకున్న వేడిని ఒక్కొక్కటిగా పట్టుకోవడానికి కట్టిన పరికరమే ఇది. ఫ్రాన్సుకు చెందిన బెర్తెలో 1881లో ఈ పద్ధతిని తెచ్చాడు. పేరు చూసి భయపడకండి. బాంబ్ అంటే గట్టి మూత ఉన్న మందపాటి ఉక్కు పాత్ర. పని ఇలా జరుగుతుంది.

(అ) 212 మైక్రాన్ల జల్లెడలో పట్టిన బొగ్గు పొడిని సుమారు ఒక గ్రాము, నాలుగు దశాంశ స్థానాల వరకు తూస్తాం. చిన్న మూసలో పెడతాం.

(ఆ) మూసకు పైన సన్నని నైక్రోమ్ తీగ కట్టి, దాని నుంచి నూలుదారం బొగ్గుకు తగిలేలా ఉంచుతాం.

(ఇ) బాంబ్ అడుగున కొద్దిగా స్వేదన జలం వేసి మూత బిగించి, 25 నుంచి 30 అట్మాస్ఫియర్ల పీడనంతో ఆక్సిజన్ నింపుతాం. ఇంత ఆక్సిజన్ ఉంటే మసికి చోటుండదు.

(ఈ) బాంబ్‌ను సుమారు రెండు లీటర్ల నీళ్ళున్న పాత్రలో ముంచుతాం. మంట నీటి మధ్యలోనే ఉంటుంది కాబట్టి వేడి పక్కలకు పోదు. చుట్టూ ఇంకొక నీటి తొడుగు ఉంటుంది. నీటిని కలుపుతూ ఉండే చిన్న మర ఉంటుంది.

(ఉ) ఉష్ణోగ్రత నిలకడగా ఉందని చూశాక కరెంటు పంపుతాం. తీగ ఎర్రబడి, దారం అంటుకుని, బొగ్గు క్షణంలో కాలిపోతుంది. ప్రతి నిమిషం ఉష్ణోగ్రత రాసుకుంటాం.

(ఊ) చివర పీడనం మెల్లగా వదిలి మూత తీసి మూసలోకి చూస్తాం. మసి గాని కాలని రేణువులు గాని కనిపిస్తే ఆ పరీక్ష చెల్లదు. మళ్ళీ చేయాల్సిందే.

ఇక పాత్ర, బాంబ్, థర్మామీటరు కూడా వేడి తీసుకుంటాయి కదా, దాని మాటేమిటి? అన్నిటినీ కలిపి ఎంత నీటితో సమానమో ముందే కొలుస్తాం. దీన్ని నీటి తుల్యాంకం అంటారు. దహనోష్ణం కచ్చితంగా తెలిసిన బెంజోయిక్ ఆమ్లాన్ని ముందు కాలుస్తాం. దాని విలువ గ్రాముకు 6,318 కెలోరీలు. తెలిసిన దానితో పరికరాన్ని పరీక్షించి, ఆ పరికరంతో తెలియని దాన్ని పరీక్షిస్తామన్నమాట.

4. లెక్క

ఒక ఉదాహరణ. ఒక గ్రాము బెంజోయిక్ ఆమ్లం కాలిస్తే ఉష్ణోగ్రత 2.640 డిగ్రీలు పెరిగింది. తీగ, దారం కాలడం వల్ల 18 కెలోరీలు వచ్చాయి.

నీటి తుల్యాంకం = (6,318 + 18) ÷ 2.640 = డిగ్రీకి 2,400 కెలోరీలు

ఇప్పుడు ఒక గ్రాము బొగ్గు కాలిస్తే 1.650 డిగ్రీలు పెరిగింది.

మొత్తం వేడి = 2,400 × 1.650 = 3,960 కెలోరీలు
తీగ, దారం = 18
ఆమ్లాలు = 12
బొగ్గు విలువ = 3,960 – 30 = గ్రాముకు 3,930 కెలోరీలు, అంటే కిలోకు 3,930 కిలో కెలోరీలు

ఆమ్లాలు ఎందుకు తీసేయాలి? బాంబ్‌లోని అధిక పీడనంలో బొగ్గులోని గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా, నైట్రోజన్ కొంత నైట్రిక్ ఆమ్లంగా మారి అదనంగా వేడినిస్తాయి. బాయిలర్లో అలా జరగదు. అక్కడ రాని వేడిని ఇక్కడ లెక్కలో చూపకూడదు.

పరీక్ష కోసం ఒక మాట. బాంబ్‌లో ఘనపరిమాణం మారదు కాబట్టి మనం కొలిచేది అంతరిక శక్తి మార్పు. ఎంథాల్పీ కావాలంటే ΔH = ΔU + Δn·RT వాడాలి. ఇందులో Δn వాయువుల మోల్‌ల తేడా మాత్రమే. ద్రవాలను కలపవద్దు.

5. మూడు వందో వంతుల డిగ్రీ

మన దేశంలో 2011 చివరి వరకు విద్యుత్ కేంద్రాలకు అమ్మే బొగ్గును "ఉపయోగకర ఉష్ణ విలువ" ప్రకారం గ్రేడ్లు చేసేవారు. 8,900లోంచి బూడిద, తేమ శాతాల మొత్తాన్ని 138తో గుణించి తీసేసేవారు. 2012 జనవరి 1 నుంచి ఆ పద్ధతి పోయి, బాంబ్ కెలోరీమీటరులో వచ్చే స్థూల కెలోరిఫిక్ విలువే ఆధారమైంది. మొత్తం 17 గ్రేడ్లు. 7,000 దాటితే జి-1. అక్కడినుంచి ప్రతి 300 కిలో కెలోరీలకు ఒక మెట్టు దిగుతూ జి-17 వరకు పోతుంది. జి-11 అంటే 4,001 నుంచి 4,300. జి-12 అంటే 3,701 నుంచి 4,000.

పై లెక్కలో మన బొగ్గు 3,930, కాబట్టి జి-12. ఇప్పుడు థర్మామీటరు చూసిన మనిషి 1.650 బదులు 1.680 అని చదివాడనుకోండి. తేడా మూడు వందో వంతులే. 2,400 × 0.03 = 72. విలువ 4,002 అయింది, జి-11 అయిపోయింది. కాలింది ఒక్క గ్రామే. కాని దాని వెనక రైలెడు బొగ్గు బిల్లు ఉంది.

కొనేవాడికి దీనివల్ల ఏమవుతుందో చూద్దాం. ఒక యూనిట్ కరెంటుకు 2,400 కిలో కెలోరీల వేడి వాడే 500 మెగావాట్ల యూనిట్ ఉందనుకుందాం. గంటకు 5 లక్షల యూనిట్ల కరెంటు, అంటే 120 కోట్ల కిలో కెలోరీలు. బొగ్గు 4,000 అయితే గంటకు 300 టన్నులు చాలు. 3,600 అయితే 333 టన్నులు కావాలి. గంట గంటకూ సగం వ్యాగన్‌కు పైగా బొగ్గు అదనం. దానితోపాటు బూడిదా అదనమే.

మరో సంగతి. ఒకే శాంపిల్‌ను ఒకే ప్రయోగశాలలో రెండుసార్లు పరీక్షిస్తే తేడా సుమారు 30 కిలో కెలోరీలలోపు ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం. రెండు వేర్వేరు ప్రయోగశాలల మధ్య సుమారు 70 వరకు తేడా రావచ్చు. అంటే గ్రేడు సరిహద్దు దగ్గరున్న బొగ్గుకు నిజాయితీగా పనిచేసే రెండు ప్రయోగశాలలు కూడా రెండు గ్రేడ్లు చెప్పవచ్చు. అందుకే అంకెతోపాటు అది ఎలా వచ్చిందో చూపే రీడింగుల పుస్తకం కావాలి. తగాదా వచ్చినప్పుడు మాట్లాడేది ఆ పుస్తకమే.

కోకింగ్ బొగ్గు సంగతి వేరు. దానికి వేడి కంటే గట్టి కోక్‌గా మారే గుణం ముఖ్యం. బూడిద, ఉబ్బే గుణం లాంటివి చూసి దాన్ని కొంటారు.

6. ఒక్క మెతుకు చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. కుండలోని మెతుకులన్నీ ఒకే బియ్యానివి, ఒకే నీటిలో ఉడికినవి కాబట్టి అది నిజం. బొగ్గు అలా కాదు. ఒక పెళ్ళ నల్లగా మెరుస్తుంది, పక్కనే ఉన్నది సగం రాయి. పైన ఉన్నది ఎండి ఉంటుంది, అడుగున ఉన్నది తడిసి ఉంటుంది. మెత్తటి పొడి కిందికి జారుతుంది.

70,000 టన్నుల ఓడ అంటే 7,000 కోట్ల గ్రాములు. అందులో ఒక గ్రామును మనం కాలుస్తాం. ఆ గ్రాము మొత్తం ఓడ తరఫున సాక్ష్యం చెప్పాలంటే అన్ని చోట్ల నుంచీ, అన్ని సైజుల నుంచీ బొగ్గు తీసుకోవాలి. కన్వేయర్ బెల్టు కదులుతుండగా నిర్ణీత వ్యవధిలో తీయడం మంచి పద్ధతి. తీసిన దాన్ని నలగ్గొట్టి, కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచి మిగతాది తీసేస్తారు. ఇలా మళ్ళీ మళ్ళీ చేస్తూ చిన్నది చేస్తారు. ఎండలో పార పట్టుకుని ఈ పని చేసేవాళ్ళను ఎవరూ శాస్త్రవేత్తలనరు. కాని వాళ్ళు చేతికందిన చోట నుంచి ఒక పార ఎత్తితే, లోపల ఏసీ గదిలో మేము నాలుగు దశాంశాల వరకు తూచినా ప్రయోజనం లేదు.

7. మన వంటగదిలో

బాంబ్‌లో కాలినప్పుడు పుట్టిన నీటి ఆవిరి అక్కడే చల్లబడి నీరవుతుంది. ఆ వేడి కూడా లెక్కలోకి వస్తుంది. దీన్ని స్థూల విలువ అంటారు. పొయ్యిలోనూ బాయిలర్లోనూ ఆవిరి పైకి పోతుంది. అది తీసేస్తే మిగిలేది నికర విలువ. ఒక కిలో నీటి ఆవిరి తనతో సుమారు 587 కిలో కెలోరీలు పట్టుకుపోతుంది.

కట్టెల పొయ్యి మీద వంట చేసిన రోజుల్లో మన వంటాయన వానాకాలం సరుగుడు కట్టెల్ని చూసి విసుక్కునేవాడు. ఆయన చెప్పింది లెక్కలో పెడదాం. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4,500 కిలో కెలోరీలు. కిలోలో 400 గ్రాములు తేమ ఉంటే కట్టె 600 గ్రాములే. దానికి 2,700. అందులో ఆ తేమను ఆవిరి చేయడానికి 235 పోతుంది. మిగిలేది 2,465. తూకం అదే, డబ్బు అదే, వేడి మాత్రం సగానికి కాస్త ఎక్కువ. గిన్నె అడుగున మసి కూడా కాలకుండా పోయిన ఇంధనమే. గ్యాస్ పొయ్యిలో మంట పసుపుగా మారి గిన్నెకు మసి పడుతుంటే గాలి చాలడం లేదని అర్థం. బర్నర్ శుభ్రం చేయించండి.

8. మేము చేసిన తప్పు

డిగ్రీలో ప్రాక్టికల్ రికార్డుల్ని సీనియర్ల దగ్గర తెచ్చుకుని రాసేవాళ్ళం. ప్రయోగంలో వచ్చింది ఏదైనా పుస్తకంలో ఉన్నదే రాసేవాళ్ళం. మార్కులూ బాగానే వచ్చేవి. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో ఒక శాంపిల్‌ను రెండుసార్లు కాల్చాం. మొదటిసారి 1.650, రెండోసారి 1.610. తేడా 96 కిలో కెలోరీలు. మళ్ళీ చేయాలంటే ఇంకో గంట. షిఫ్టు అయిపోవచ్చింది. మాలో ఒకరం రెండోదాన్ని కూడా 1.650 అని రాసేశాం. ఇంకొకరం చూసి ఊరుకున్నాం.

సీనియర్ కెమిస్టు గారు పుస్తకం చూసి, "మూడో అంకె దాకా రెండూ ఒకటేనా బాబూ? మూస చూపించండి" అన్నారు. మూస అంచున మసి ఉంది. బాంబ్ కవాటం కొద్దిగా కారుతోంది. ఆక్సిజన్ పీడనం నిలవలేదు. ఆ రోజు అదే బాంబ్‌లో కాల్చిన మిగతా నాలుగు శాంపిళ్ళనూ మళ్ళీ కాల్చాం. అందులో రెండిటి విలువలు మారాయి. మొదటి అంకె సరైనదే కాబట్టి మా అబద్ధం కూడా నిజంలాగే కనిపించింది. కాని పరికరం పాడైందని మాకు చెప్పడానికి వచ్చిన ఒకే ఒక్క గుర్తు ఆ 1.610. దాన్నే మేము చెరిపేశాం.

ఆయన మమ్మల్ని తిట్టలేదు. తప్పు అంకెను చెరపకుండా దాని మీద ఒక్క గీత కొట్టి, పక్కన కారణం రాసి, సంతకం చేయమన్నారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాం.

తమ్ముళ్ళూ! మన హాస్టల్లో పెద్ద పరికరాలు లేవు. కాని ఖాళీ డబ్బాతో వచ్చిన 2,200, ఎంత వేడి పోయిందో చెప్పే వివరంతో సహా రాస్తే, అది మీ సొంత అంకె. పుస్తకంలోంచి ఎత్తి రాసిన 5,670 మీది కాదు. రేపు మీరు ఓడరేవులోనో, ఉక్కు కర్మాగారంలోనో, ఆసుపత్రి ల్యాబులోనో పని చేయవచ్చు. అక్కడ మీ ఒక్క రీడింగు మీద ఎవరి డబ్బో, ఎవరి ప్రాణమో ఆధారపడి ఉంటుంది. ఆ అలవాటును ఇక్కడి నుంచే, ఈ వరండాలోంచే మొదలుపెట్టండి.

మీరే చేయండి

1. నీటి తుల్యాంకం 2,400. ఒక గ్రాము బొగ్గుకు ఉష్ణోగ్రత 1.525 డిగ్రీలు పెరిగింది. తీసేయాల్సినవి 30 కెలోరీలు. గ్రేడు ఎంత?
2. ఇథనాల్ ద్రవం కాలి కార్బన్ డయాక్సైడ్, ద్రవరూప నీరు ఏర్పడితే Δn ఎంత?
3. మూసలో మసి మిగిలితే వచ్చే విలువ నిజమైన దానికంటే ఎక్కువా, తక్కువా?

జవాబులు: 1. విలువ 3,630, జి-13 (3,401 నుంచి 3,700). 2. రెండు మోల్‌ల కార్బన్ డయాక్సైడ్‌లోంచి మూడు మోల్‌ల ఆక్సిజన్ తీసేస్తే –1. 3. తక్కువ. ఎందుకో మీ నోటు పుస్తకంలో మీ మాటల్లో రాయండి.